కార్డు ముక్క విలువ



దూర ప్రయాణం పోయేవారిని సాగనంపుతూ "చేరగానే కార్డు ముక్క రాయి" అని చెప్పడం మన ఇళ్ళలో ఒకప్పటి అలవాటు. ఆ కార్డులో ఏముంటుంది? క్షేమంగా చేరాను, మీరందరూ క్షేమమని తలుస్తాను, పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. వార్త అనదగినది అందులో ఒక్కటీ ఉండదు. అయినా ఆ కార్డు ఒక వారం ఆలస్యమైతే తల్లికి ముద్ద దిగేది కాదు. ఈ వారం మన పాఠం అటువంటి కార్డు ముక్కను గురించే. బ్రతుకు మీద విరక్తి కలిగి, ప్రాణం తీసుకోవాలన్నంత వరకు వెళ్ళి, మానసిక చికిత్సాలయంలో కొన్నాళ్ళు ఉండి ఇంటికి చేరిన మనిషిని, ముఖ్యంగా సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషిని, ఆ తరువాత ఎవరైనా "ఎలా ఉన్నావు?" అని పలకరిస్తే ఏమవుతుంది? అమెరికా దేశపు వైద్యులు ఈ ప్రశ్నను యాభై ఏళ్ళకు పైగా పట్టుకుని ఉన్నారు. వారికి దొరికిన జవాబులు కొన్ని సంతోషం కలిగించేవి, కొన్ని నిరాశ కలిగించేవి. రెండూ తెలుసుకుందాం.

ఆ దేశంలో మాజీ సైనికుల శాఖ ఏటా ఒక నివేదిక ప్రకటిస్తుంది. దాని ప్రకారం 2022లో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. అంటే రోజుకు పదిహేడుగురికి పైగా. వీరందరూ యుద్ధభూమిలో భయంకర దృశ్యాలు చూసి మతి చెదిరినవారని మనం అనుకుంటాం. సినిమాలు మనకు నేర్పినది అదే. కాని వీరిలో యుద్ధం చూడనివారూ ఉన్నారు, సైన్యం వదిలి దశాబ్దాలు గడిచిన వృద్ధులూ ఉన్నారు. సగానికి పైగా ఆ మధ్యకాలంలో శాఖవారి ఆసుపత్రి గడప తొక్కనివారు. ఇక గడప తొక్కినవారి మాట ఏమిటి? మన పాఠం అక్కడ మొదలవుతుంది.

ఆసుపత్రిలో చేర్చాం, మందులు పడ్డాయి, మనిషి కాస్త తేరుకున్నాడు, డాక్టరుగారు ఇంటికి పంపేశారు, ఇక గండం గడిచింది అని కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. లెక్కలు ఇందుకు విరుద్ధంగా చెబుతున్నాయి. శాఖవారి ఆసుపత్రులలో 1999 నుండి 2004 వరకు మానసిక కుంగుబాటుకు చికిత్స పొందిన ఎనిమిది లక్షల ఎనభై వేల మందికి పైగా రోగుల వివరాలను పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొత్తం మీద వారిలో ఆత్మహత్యల రేటు ఏడాదికి లక్షకు 114. మానసిక వార్డు నుండి ఇంటికి వెళ్ళిన మొదటి 12 వారాలలో మాత్రం అదే రేటు 568. దాదాపు ఐదు రెట్లు! ఇది అమెరికాకే పరిమితం కాదు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి పరిశీలనలోనూ మొదటి మూడు నెలలే అన్నిటికన్నా ప్రమాదకరమైనవని తేలింది.

దీనిని విని, అయితే ఆసుపత్రే చేటు చేసిందా అని ఎవరూ తొందరపడరాదు. నీట మునుగుతున్నవారినే గదా ఒడ్డుకు లాగుతారు. ఎక్కువ అపాయంలో ఉన్నవారినే ఆసుపత్రిలో చేర్చుకుంటారు కాబట్టి వారి రేటు ఎక్కువగానే ఉంటుంది. అయినా ఇంటికి వెళ్ళిన తొలి వారాలలోనే అది అంతగా పెరగడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. వార్డులో వేళకు అన్నం, వేళకు మందు, రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తే పలకడానికి ఒక నర్సు. ఇంటికి వస్తే అదే గది, అదే అప్పు, అదే గొడవ. వార్డులో అందుబాటులో లేని అపాయకరమైన వస్తువు ఇంట్లో చేయి చాచితే అందుతుంది. అమెరికా మాజీ సైనికుల ఆత్మహత్యలలో దాదాపు నాలుగింట మూడు వంతులు తుపాకితో జరిగేవే. మరొక సంగతి ఉంది. కుంగుబాటు తగ్గుముఖం పట్టేటప్పుడు ఒంట్లో సత్తువ ముందు వస్తుంది, మనసులో ఆశ వెనుక వస్తుంది అని వైద్యులు హెచ్చరిస్తారు. లేచి తిరుగుతున్నాడు కదా, బాగైపోయాడు అని మనం నిశ్చింతగా ఉండే రోజులు అవే.

సైనికుని విషయంలో ఇంకొక చిక్కు ఉంది. థామస్ జాయినర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2005లో రాసిన గ్రంథంలో మూడు విషయాలు కలిసినప్పుడు అపాయం ముదురుతుందన్నాడు. నేను ఎవరికీ చెందను అనే భావం ఒకటి, నేను నా వారికి బరువు అనే భావం రెండవది, నొప్పికీ చావుకీ జంకని గుండె మూడవది. మొదటి రెండూ ఎవరికైనా రావచ్చు. మూడవదానిని సైన్యం శిక్షణ ఇచ్చి మరీ అలవాటు చేస్తుంది. అది లేకపోతే సరిహద్దులో నిలబడేదెవరు? పైగా సహాయం అడగడం పిరికితనమని, పక్కవాడిని మోయాలే గాని పక్కవాడి చేత మోయించుకోరాదని యౌవనమంతా నేర్చినవాడు, వార్డు నుండి వచ్చాక తానుగా ఫోను చేసి "నాకు బాగా లేదు" అంటాడా? చాలామంది అనరు. ఇచ్చిన తారీఖున ఆసుపత్రికి కూడా వెళ్ళరు. కాబట్టి అతడు రావాలని ఎదురుచూస్తూ కూర్చునే వైద్యం అతనికి సరిపోదు, వైద్యమే అతని దగ్గరకు వెళ్ళాలి.

ఈ సంగతి మొట్టమొదట గట్టిగా పట్టుకున్నవారు శాన్ ఫ్రాన్సిస్కో నగరపు మానసిక వైద్యులు జెరోమ్ మోటో. ఆయన రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికుడు. ఐరోపాలో ఉన్నప్పుడు, బయలుదేరే ముందు పరిచయమైన ఒక అమ్మాయి ఆయనకు ఉత్తరాలు రాస్తూ ఉండేదట. జవాబు వచ్చినా రాకపోయినా రాసేది. తాను ఆమె నుండి ఏమీ ఆశించలేదు, ఆమె తన నుండి ఏమీ కోరలేదు, అయినా ఆ ఉత్తరాలు తనను నిలబెట్టాయని ఆయన తరువాతి కాలంలో తలచుకున్నాడు. ఆ జ్ఞాపకమే ఒక పరిశోధన అయింది.

1969లో మొదలుపెట్టి, కుంగుబాటుతోనో ఆత్మహత్య ఆలోచనలతోనో నగరంలోని ఆసుపత్రులలో చేరిన 3,005 మందిని ఆయన బృందం కలిసింది. ఇంటికి వెళ్ళిన నెలకు విచారిస్తే, వారిలో 843 మంది తరువాతి చికిత్స వద్దన్నవారు లేదా మధ్యలో మానుకున్నవారు. సాధారణంగా ఏ ఆసుపత్రి అయినా ఇటువంటి వారి పేరు పుస్తకంలో కొట్టివేస్తుంది. మోటో సరిగ్గా వీరినే ఎంచుకున్నాడు. చీట్లు వేసినట్లుగా వీరిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఉత్తరాలు రాయించాడు, రెండవ భాగానికి రాయించలేదు. మొదట నెలకొకటి చొప్పున నాలుగు నెలలు, తరువాత రెండు నెలలకొకటి చొప్పున ఎనిమిది నెలలు, ఆ తరువాత మూడు నెలలకొకటి చొప్పున నాలుగేళ్ళు. మొత్తం ఐదేళ్ళలో 24 ఉత్తరాలు.

ఆ ఉత్తరంలో ఏముందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. మీరు ఆసుపత్రి నుండి వెళ్ళి కొంతకాలమైంది, మీరు బాగున్నారని తలుస్తాం, ఎప్పుడైనా రాయాలనిపిస్తే రాయండి, సంతోషిస్తాం అనే అర్థం వచ్చే రెండు వాక్యాలు. మందులు వేసుకుంటున్నారా అని లేదు. ఫలానా తేదీన రండి అని లేదు. ఉపదేశం అసలే లేదు. (ప్రసంగం చేసే వృత్తిలో ఉన్న నాబోటివాడు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించుకోవలసి వచ్చింది.) రెండు నియమాలు మాత్రం ఉన్నాయి. ఆసుపత్రిలో ఆ రోగితో మాట్లాడిన మనిషే సంతకం చేయాలి, ప్రతి ఉత్తరమూ విడిగా టైపు చేయాలి, ఒకే కాగితాన్ని అచ్చువేసి పంచరాదు. రోగి జవాబు రాస్తే తరువాతి ఉత్తరంలో ఆ మాట ప్రస్తావించాలి.

ఫలితం? మొదటి రెండేళ్ళలో ఉత్తరాలు అందినవారిలో ఆత్మహత్యలు అందనివారి కంటే గణనీయంగా తక్కువ. తరువాత ఆ తేడా క్రమంగా తగ్గుతూ పోయి, పద్నాలుగేళ్ళు గడిచేసరికి మాసిపోయింది. అంటే పలకరింపు పనిచేసింది ముఖ్యంగా అపాయం హెచ్చుగా ఉన్న తొలి కాలంలో. ఈ పూర్తి ఫలితాలు 2001లో వైద్య పత్రికలో వెలువడ్డాయి. మోటో 2015లో కన్నుమూశాడు.

నేను గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో గాబ్రియేల్ మార్సెల్ అనే ఫ్రెంచి తత్వవేత్త రచనలు ఒక పట్టాన కొరుకుడు పడేవి కావు. ఒక మనిషికి మరొక మనిషి "అందుబాటులో ఉండటం" అని ఆయన పదే పదే అంటాడు. అందులో తత్వం ఏముందని అనుకునేవాడిని. ఆయన జీవితం తెలిసిన తరువాత గాని అర్థం కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆరోగ్యం బాగాలేక సైన్యంలో చేరలేని మార్సెల్, రెడ్ క్రాస్ సంస్థలో, యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల వివరాలు కుటుంబాలకు తెలియజేసే విభాగంలో పనిచేశాడు. ఒక్కొక్క సైనికుడికి ఒక్కొక్క కార్డు. దాని మీద పేరు, తేదీ, పటాలం వంటి పొడి వివరాలు. కాని ఆ వివరం కోసం ఎదుట నిలబడిన తల్లి ముఖం చూశాక ఆ కార్డు ఇక కార్డుగా మిగలలేదు. మనిషిని "కేసు"గా చూడటానికీ మనిషిగా చూడటానికీ ఉన్న తేడాను ఆయన ఆ బల్ల దగ్గర నేర్చాడు. మోటో డాక్టరుగారు ఉత్తరాలను విడివిడిగా టైపు చేయించడంలో ఉన్నదీ ఆ తేడాయే.

ఇప్పుడు మాజీ సైనికుల శాఖ ఏం చేస్తున్నదో చూద్దాం. 2007 నుండి శాఖవారి పెద్ద ఆసుపత్రులన్నిటిలో ఆత్మహత్యల నివారణకే ఒక బాధ్యుడిని నియమించారు. అదే ఏడాది రాత్రింబవళ్ళు పనిచేసే టెలిఫోను సేవ మొదలైంది. 2022 జూలై నుండి అక్కడివారు 988 నొక్కి, తరువాత 1 నొక్కితే చాలు. అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలలో అక్కడి సైన్యంలో చేరిన పిల్లలు ఉంటే ఈ సంఖ్య తెలిసి ఉండటం మంచిది. అత్యంత అపాయంలో ఉన్న రోగి పేరు పక్కన కంప్యూటరులో ఒక హెచ్చరిక గుర్తు పెడతారు. అతడు అనుకున్న రోజున రాకపోతే ఎవరో ఒకరు ఫోను చేసి వెతకవలసిందే. 2023 జనవరి నుండి మరొక సదుపాయం వచ్చింది. ఆత్మహత్య అపాయంలో ఉన్న మాజీ సైనికుడు ఏ ఆసుపత్రికి పరుగెత్తినా, లోపల ఉంచి 30 రోజుల వరకు, బయటి నుండి వచ్చి పోతూ 90 రోజుల వరకు జరిగే అత్యవసర చికిత్స ఖర్చు ప్రభుత్వానిదే.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది డెన్వర్ నగరంలోని శాఖవారి పరిశోధన కేంద్రం రూపొందించిన పద్ధతి. మానసిక వార్డు నుండి ఇంటికి వెళ్ళిన మరుసటి పనిదినాన ఒక ఫోను, వారం తిరగకుండా వైద్య సిబ్బంది ఇంటికే వెళ్ళి చూసి రావడం, అతడు మళ్ళీ చికిత్సలో కుదురుకునే వరకు వదిలిపెట్టకపోవడం. ఇంటికి వెళ్ళినప్పుడు గాని కొన్ని సంగతులు తెలియవు. పొయ్యి వెలుగుతున్నదా, మందుల సీసా మూత తీశారా, ఇంట్లో మరొక మనిషి అలికిడి ఉన్నదా అనేవి ఆసుపత్రి గదిలో కూర్చుని అడిగితే దొరికే జవాబులు కావు. ఇలా చూసి వచ్చినవారు తరువాతి చికిత్సకు ఎక్కువగా, త్వరగా వచ్చారు.

మరొక పద్ధతి "భద్రతా పథకం". బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు నిపుణులు రూపొందించారు. రోగి తన మాటలలోనే ఒక కాగితం మీద రాసుకుంటాడు. నాకు చెడు ఘడియ వస్తున్నదని దేనిని బట్టి తెలుస్తుంది, అప్పుడు ఒక్కడినే ఏం చేయగలను, ఎవరి దగ్గరకు వెళ్ళి కూర్చుంటే మనసు మళ్ళుతుంది, ఎవరిని సహాయం అడగగలను, ఏ డాక్టరుకు ఫోను చేయాలి, ఇంట్లో అపాయకరమైనవి ఎవరి చేతికి అప్పగించాలి. శాఖవారి తొమ్మిది ఆసుపత్రుల అత్యవసర విభాగాలలో 1,640 మందిని పరిశీలించిన అధ్యయనం 2018లో వెలువడింది. ఈ కాగితంతోపాటు, ఇంటికి వెళ్ళిన 72 గంటలలోపు మొదలుపెట్టి మళ్ళీ మళ్ళీ ఫోను చేసిన చోట, ఆరు నెలలలో ఆత్మహత్యా ప్రయత్నాల వంటివి సుమారు 45 శాతం తక్కువ. అయితే ఇది మోటో చేసినట్లు చీట్లు వేసి విభజించిన పరిశోధన కాదు. ఒక పద్ధతి పాటించిన ఆసుపత్రులను పాటించని ఆసుపత్రులతో పోల్చారు. కాబట్టి ఫలితాన్ని ఆ మేరకే తీసుకోవాలి.

నిరాశ కలిగించే జవాబులూ ఉన్నాయని ముందే చెప్పాను. సెల్ ఫోన్ల కాలం వచ్చాక, సర్వీసులో ఉన్న 658 మంది సైనికుల మీద ఇదే పలకరింపును చిన్న సందేశాల రూపంలో పరీక్షించారు. 2019లో ప్రచురించిన ఫలితాలలో, పరిశోధకులు ముఖ్యమని ముందుగా పెట్టుకున్న ప్రశ్నలకు స్పష్టమైన తేడా కనిపించలేదు. సంవత్సర కాలంలో ఆత్మహత్యా ప్రయత్నాలు మాత్రం సందేశాలు అందినవారిలో తక్కువ. 2020 నుండి శాఖవారు తమ టెలిఫోను సేవకు ఫోను చేసిన మాజీ సైనికులకు ఏడాదిలో తొమ్మిది ఉత్తరాలు పంపుతూ వచ్చారు. లక్ష మందికి పైగా అందుకున్నారు. సంతకం వైద్య సిబ్బందిది అయినా, తోటి మాజీ సైనికునిది అయినా ఫలితంలో తేడా లేదు. ఉత్తరాల వల్ల ఆత్మహత్యా ప్రయత్నాలు తగ్గినట్లు తేలలేదు, చికిత్సకు వచ్చేవారు మాత్రం పెరిగారు.

ఎందుకిలా? నాకు తోచినది చెబుతాను, ఇది నా అభిప్రాయం మాత్రమే. మోటో ఉత్తరాల మీద సంతకం చేసిన మనిషిని రోగి ఎరుగును. ఆసుపత్రిలో ఎదురుగా కూర్చుని తన గోడు విన్న మనిషి అతడు. లక్ష మందికి ఉత్తరాలు పంపేటప్పుడు ఆ పరిచయం ఎక్కడిది? పండుగకు బ్యాంకు నుండి వచ్చే శుభాకాంక్షలను మనం ఎంత శ్రద్ధగా చదువుతామో అందరికీ తెలిసినదే. అయినా ఆ పని వృథా అనను. చికిత్సకు రాని మనిషి రావడం చిన్న విషయం కాదు.

ఇక మనకు దగ్గరలో జరిగిన ఒక సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాలలో, అందులో మన చెన్నై ఒకటి, ఆత్మహత్యా ప్రయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందితో ఒక పరిశోధన చేయించింది. సగం మందితో ఇంటికి పంపే ముందు ఒక గంట కూర్చుని మాట్లాడారు. తరువాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిది సార్లు ఫోను చేసో ఇంటికి వెళ్ళో పలకరించారు. మిగతా సగానికి మామూలు వైద్యమే. ఆ గడువు ముగిసేసరికి ఆత్మహత్య వల్ల మరణించినవారు మామూలు వైద్యం పొందినవారిలో 2.2 శాతం, పలకరింపు అందినవారిలో 0.2 శాతం. 2008లో ఇది వెలువడ్డాక, అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు వైట్ రివర్ జంక్షన్ ఆసుపత్రి వైద్యులు ఈ పద్ధతినే తమ మాజీ సైనిక రోగులకు అనువుగా మలచుకుని పరీక్షించసాగారు. పేద దేశాలు నేర్పిన పాఠాన్ని సంపన్న దేశం నేర్చుకోవడం తరచు జరిగే పని కాదు.

మన రాష్ట్రాలలో మాజీ సైనికులకు కొదువ లేదు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం వంటి ఊళ్ళకు సైనికుల ఊరనే పేరు. మరి మన దగ్గర మానసిక వార్డు నుండి తిరిగి వచ్చినవారికి ఏం జరుగుతుంది? మోకాలి ఆపరేషను చేయించుకుని వస్తే వీధి వీధంతా పరామర్శకు వెళుతుంది, పళ్ళు తీసుకుపోతుంది. ఎర్రగడ్డ నుండో చినవాల్తేరు నుండో వస్తే ఎవరూ వెళ్ళరు. ఆ ఊర్ల పేర్లనే తిట్టుగా వాడుకునే భాష మనది! కుటుంబం కూడా "బంధువుల ఇంటికి వెళ్ళి వచ్చాడు" అని దాచిపెడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ పలకరింపు కావలసిన మనిషికి మన ఊళ్ళో ఒక్క పలకరింపూ అందదు.

ఈ దాపరికంలో మన శ్రీసభ పాత్ర కూడా కొంత ఉన్నదని ఒప్పుకోవాలి. 1917 నాటి శ్రీసభ చట్టం బుద్ధిపూర్వకంగా ఆత్మహత్య చేసుకున్నవారికి శ్రీసభ భూస్థాపన సంస్కారాన్ని నిరాకరించింది. ఆ భయం మన పెద్దల గుండెల్లో నాటుకుపోయింది. 1983 నాటి చట్టంలో ఆ నిషేధం లేదు. కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2282, 2283 సంఖ్యలలో, తీవ్రమైన మానసిక వ్యాధి, వేదన, భయం మనిషి బాధ్యతను తగ్గించగలవని, అటువంటివారి రక్షణ విషయంలో ఆశ వదులుకోరాదని, శ్రీసభ వారికోసం ప్రార్థిస్తుందని బోధిస్తున్నది. ఇది తెలియని కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

మంచి సమరీయుని ఉపమానంలో గాయాలకు నూనె, ద్రాక్షారసం పోయడం మనకు బాగా గుర్తుంటుంది. ఆ తరువాతి భాగం గుర్తుండదు. సత్రం యజమానికి రెండు దీనారములు ఇచ్చి, నేను తిరిగి వచ్చునప్పుడు మిగతాది చూసుకుంటానని అతడు చెప్పి వెళ్ళాడు. అంటే మళ్ళీ వస్తాడు.

చేయదలచినవారికి రెండు మూడు మాటలు. ఇంటికి పంపే ముందు తరువాతి చికిత్స ఎలా సాగాలో రోగితో, కుటుంబంతో మాట్లాడి నిర్ణయించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. డాక్టరుగారిని ధైర్యంగా అడగండి. ఇంటికి చేరిన తేదీని గోడ మీద క్యాలెండరులో రాసుకోండి. మరునాడు ఒకసారి, వారంలోపు ఒకసారి, ఆపై మూడు నెలలు తప్పకుండా కలవండి. పురుగుమందు, అవసరానికి మించిన మాత్రలు, లైసెన్సు తుపాకి ఉంటే అది, నమ్మకమైనవారి చేతిలో ఉంచండి. "చావాలనిపిస్తున్నదా?" అని నేరుగా అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్లవుతుందని భయపడకండి. అడగడం వల్ల అది పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. జవాబు అవునని వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఉత్తరమే రాస్తామంటారా, రాయండి. అతడిని ఎరిగినవారే రాయాలి, సంతకం చేతితో పెట్టాలి. బాగున్నావా అని అడగండి, ఊళ్ళో వాన పడినదో లేదో రాయండి. మందుల మాట, గుడికి రావడం లేదన్న మాట ఎత్తకండి. జవాబు రాకపోతే వచ్చే నెల మళ్ళీ రాయండి.